శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి

గోదావరి మండలమున రాజమహేంద్రవరమునకు చేరువగా కడియము అను గ్రామము గలదు. నేడు పూలమొక్కల పెంపకమునకు ఆ గ్రామము పేరెన్నిక గన్నది. నూటయేబది యేండ్లకు పూర్వము మాత్రము అది చుట్టుప్రక్కల పల్లెలవంటి పల్లెయే. 1870వ సంవత్సరము ఆగష్టు 8వ తేదీన ఆ యూర కామయ్య, చంద్రమ్మ అను దంపతులకు ఒక కుమారుడు జన్మించెను. అతడే తరువాతి కాలమున తెలుగునాట ఆబాలగోపాలమునకు పరిచితుడైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. ఆ వంశమున పూర్వము కవులు గలరు గాని, ఆ యింట సిరిసంపదలు మాత్రము లేవు. కొంతకాలమునకు కుటుంబము యానాము చేరెను. అప్పుడది ఫ్రెంచివారి యేలుబడిలోని పట్టణము. అచటనే బాలుడు తెలుగు కావ్యములు చదువుకొని, పద్యము అల్లుట కలవాటు పడెను.

పద్యమల్లుట సులువుగా అబ్బినవారికి ఒక ఆపద పొంచియుండును. ధార యున్నది గదా యని శాస్త్రమును అలక్ష్యము చేయుదురు. ఈ యువకునకును అట్లే జరిగెను. తొలిరచనలో వ్యాకరణదోషములు దొర్లినవని పండితులు ఎత్తిచూపిరి. అట్టి మాట విని అలిగి ఇంట కూర్చున్నవారును గలరు, విమర్శించిన వారిని తిట్టుచు కాలము గడిపిన వారును గలరు. వేంకటశాస్త్రి వ్యాకరణము చదువ నిశ్చయించెను. కాశికి పోవలెను, చేతిలో పైకము లేదు. గ్రామములలో అష్టావధానములు చేసి, రసికులైన గృహస్థు లిచ్చిన సొమ్ము కూడబెట్టుకొని ఆయన కాశీప్రయాణము చేసిరి. అవధానము ఆయనకు మొదట కీర్తికొరకు గాక చదువుకొరకు ఉపయోగపడుట గమనింపదగిన విషయము.

స్వదేశమున ఆయనకు వ్యాకరణము బోధించిన గురువు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారు. ఆ గురుకులముననే దివాకర్ల తిరుపతిశాస్త్రి అను సహాధ్యాయి పరిచయమయ్యెను. ఆయన భీమవరము చేరువ యెండగండి గ్రామమున 1872వ సంవత్సరమున జన్మించిరి. అనగా వేంకటశాస్త్రికంటె రెండేండ్లు చిన్నవారు. ఇద్దరును పేదవారే, ఇద్దరును ధారణాశక్తి గలవారే, ఇద్దరికిని కవిత్వమే ప్రాణము. ఇట్టి సమానులు ఒకచోట చేరినపుడు మాత్సర్యము పుట్టుట లోకములో తరచు జరుగునది. వీరి నడుమ స్నేహము పుట్టెను. ఇకమీదట ఎవరు వ్రాసినను ఇద్దరి పేరుననే వెలువడవలెనని వారొక నియమము చేసికొనిరి. తిరుపతి వేంకట కవులు అను జంటపేరు అట్లు ఏర్పడెను. ఏ పద్యము ఎవరిదో విడదీయ యత్నించి తరువాతి విమర్శకులు చాల శ్రమపడిరి.

వారిని లోకమునకు తెలిపినది అవధానవిద్య. ఈ విద్య తెలుగునాట వర్ధిల్లినట్లు మరియెక్కడను వర్ధిల్లలేదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానికి ఎదురుగా కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నాలుగు పొంతనలేని మాటలిచ్చి, వానిని నాలుగు పాదములలో పొదిగి తాము కోరిన విషయమును వర్ణింపుమందురు. దీనికి దత్తపది యని పేరు. పాలు, పెరుగు, వెన్న, చల్ల అను మాటలిచ్చి లంకాయుద్ధమును వర్ణింపుమన్నారనుకొనుడు. రణరంగమున పాడియావుల ప్రసక్తి ఎట్లు వచ్చును? సమర్థుడైన అవధాని భూపాలురను పిలుచును, పెరుగు క్రోధమును చెప్పును, శత్రువును వెన్నడించును, బాణములను వెదచల్లును. మాటలన్నియు వచ్చినవి, పాడి మాత్రము రాలేదు.

నిషిద్ధాక్షరి మరియొక చిత్రము. అవధాని ఒక అక్షరము పలుకగానే పృచ్ఛకుడు తరువాత రాగల అక్షరమును ఊహించి దానిని నిషేధించును. అవధాని వేరొక అక్షరము వేయును, మరల నిషేధము. ఇది చదరంగపు ఎత్తులవంటిది. వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యమును అక్షరములుగా విడగొట్టి, వరుస తప్పించి, నడుమ నడుమ చీటీలపై అందించును. పదునొకండవ అక్షరము ర యని ఒకమారు, మూడవది తి యని మరియొకమారు చెప్పును. అవధాని మనసులో గళ్లు గీసికొని, ఏ గడిలో ఏ అక్షరమో నింపుకొనుచు, చివర వాక్యమంతయు అప్పగింపవలెను. ఇది యంతయు జరుగుచుండగా ఒకరు గంట కొట్టుచుందురు. ఎన్నిమారులు మ్రోగెనో లెక్క చెప్పవలెను. అప్రస్తుత ప్రసంగి యనునాయన అర్థములేని ప్రశ్నలు వేసి బుద్ధిని చెదరగొట్టుచుండును. ఆయనకు చమత్కారముగా జవాబు చెప్పకున్నచో సభ నవ్వదు; జవాబులోనే మునిగినచో పద్యము పోవును.

శతావధానమున పృచ్ఛకులు నూరుగురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున నాలుగు ఆవృత్తులలో నూరు పద్యములు పూర్తి కావలెను. అనగా మొదటివానికి రెండవ పాదము చెప్పుటకు ముందు తొంబదితొమ్మండుగురకు వేర్వేరు విషయములపై, వేర్వేరు వృత్తములలో పాదములు చెప్పి రావలెను. మొత్తము 400 పాదములు. పాదమునకు ఇరువది అక్షరములని లెక్కించినను అవి 8,000 అక్షరములగును. చివరకు వ్రాసికొన్న కాగితము లేకుండ అన్ని పద్యములను వరుసగా అప్పగించుటయే ధారణ.

ఇది దైవదత్తమైన మహిమ యని సామాన్యులు తలచుట సహజము. కాని ఇందు నేర్చుకొనదగిన ఉపాయములు పెక్కు గలవు. ఛందస్సే అందు మొదటి ఉపాయము. ఉత్పలమాలలో పాదమునకు ఇరువది అక్షరములు, పదియవ అక్షరమున యతి. శార్దూలమున పందొమ్మిది అక్షరములు, పదుమూడవయెడ యతి. నాలుగు పాదములకును రెండవ అక్షరము ఒక్కటే కావలెను, అది ప్రాస. చూచువారికి ఇవి సంకెళ్లు. జ్ఞాపకముంచుకొనువానికి ఇవి కొక్కెములు. మొదటి పాదము జ్ఞప్తికి వచ్చినచో ప్రాస తెలియును. ప్రాస తెలిసినచో తక్కిన పాదముల మొదళ్లు వాని వెంట వచ్చును. సమస్యాపూరణమున అవధాని తుదనుండి మొదటికి ఆలోచించును. ఇచ్చినది సాధారణముగా నాల్గవ పాదము. దాని ప్రాసయే పై మూడింటిని శాసించును. ఆ పాదమున అసంగతమైన మాట యుండును. అర్ధరాత్రమున సూర్యుడు ఉదయించెననినచో, దానిని కలగన్నవాని నోట పెట్టవచ్చును, మత్తెక్కినవాని నోట పెట్టవచ్చును, పై పాదము చివర ఒక మాట చేర్చి అర్థమునే మార్చివేయవచ్చును. ఈ దారులన్నియు పూర్వులు వేసినవే. ఏ సమస్యకు ఏ దారి యని క్షణములో తేల్చుకొనుటలోనే అవధాని సామర్థ్యము గలదు.

వర్ణనల విషయమున మన ఆలంకారికులు ఇంకను గొప్ప సహాయము చేసిరి. మహాకావ్యమున ఉండవలసిన వర్ణనలు పదునెనిమిదిగా వారు లెక్కించిరి. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రోదయము, సూర్యోదయము, ఉద్యానము, జలక్రీడ, వివాహము, పుత్రోదయము, మంత్రాలోచన, దూత్యము, దండయాత్ర, యుద్ధము మొదలైనవి అందు చేరును. కవి ఒక క్రొత్త రాజ్యమును కల్పింపదలచినచో శూన్యములో తడుముకొన నక్కరలేదు. ఈ పట్టికను ఒకమారు మనసులో తిప్పికొన్నచో కోట, అగడ్త, తోట, వీధి, వాన, వెన్నెల అన్నియు తమంత తాము వచ్చి నిలుచును. పట్టిక ఇచ్చినదానిని యథాతథముగా వాడుకొన్నవారి కావ్యములు ఒకదానివలె నొకటి యుండి విసుగు పుట్టించును. మన ప్రబంధములలో అట్టివి తక్కువేమియు కావు.

ఈ తంత్రము తెలుగువారిది మాత్రమే కాదు. 1974వ సంవత్సరమున అమెరికా దేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఒక ఆటను ప్రకటించిరి. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుండి ఆడు ఆ యాటలో ఒకడు కథకుడు, తక్కినవారు కథలోని వీరులు. వారు ఏ దారిన పోవుదురో, ఏ తలుపు తెరతురో కథకునకు ముందుగా తెలియదు. అందుచేత అతడు పట్టికలు దగ్గర నుంచుకొనును. పాచిక వేయును, పడిన అంకె కెదుట ఏమున్నదో చూచును. అడవిలో ఎదురుపడినది తోడేళ్ల మందయా, దారిదోపిడి దొంగలా, త్రోవ తప్పిన సన్యాసియా యని పాచికయే తేల్చును. ఆ సన్యాసి ఎవడు, ఎందుకు త్రోవ తప్పెను, జరిగిన కథతో అతనికి ఏమి సంబంధము అనునది మాత్రము కథకుడే అప్పటికప్పుడు కల్పింపవలెను. అవధానసభలో పాచికలు లేవు, పృచ్ఛకులే పాచికలు. పాచికకు పక్షపాతము లేదు. పృచ్ఛకుడు మాత్రము అన్నింటికంటె కష్టమైన అంకెనే ఏరి వేయును.

సిద్దిపేట ప్రాంతపు విద్యార్థులకు ఇట్టి కథనవిద్య క్రొత్త గాదు. కొమురవెల్లి మల్లన్న జాతరలో ఒగ్గు కథకులు డోలు దెబ్బకు అనుగుణముగా కథను పెంచుదురు, కుదింతురు. చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై వరుసగా గీసిన బొమ్మల పటమును చుట్ట విప్పుచు కథకులు కులపురాణములను గానము చేయుదురు. పటముపై నున్నది బొమ్మ మాత్రమే, మాటలు కథకునివి. ఒక్క బొమ్మపై గడియసేపు నిలుచుటయో, ఒక్క మాటతో దాటిపోవుటయో వినువారి ముఖములను చూచి అతడు నిర్ణయించుకొనును. అవధానికి పటము కూడ లేదు. అది మనసులోనే యుండవలెను.

ఇట్టి విద్యను ఇద్దరును కలసి కాకినాడలో శతావధానముగా ప్రదర్శించినపుడు వారు ఇంకను ఇరువది యేండ్ల ప్రాయపువారే. ఆ సభతో వారి పేరు మండలమంతట ప్రాకెను. అటుపిమ్మట వారు సంస్థానముల వెంట బయలుదేరిరి. వేంకటగిరి, నూజివీడు, విజయనగరము, పిఠాపురము మొదలుకొని నైజాము రాజ్యములోని గద్వాల, వనపర్తి, ఆత్మకూరు వరకు వారు తిరుగని ఆస్థానము లేదనవచ్చును. గద్వాలకు విద్వద్గద్వాల యనియే ప్రసిద్ధి. ఈ సంచారము నేటి సన్మానయాత్రలవంటిది కాదు. రాజదర్శనము కొరకు దినములకొలది వేచియుండవలెను. ఆస్థానపండితులు అడ్డుపడుదురు, దివాను మనసు కరగవలెను, ఒక్క పద్యము తడబడినచో వచ్చిన దారినే మరలవలెను. ఏ సభలోనైనను పందెము పరువే. ఆ యనుభవములను వారు నానారాజసందర్శనము అను గ్రంథమున పద్యములుగా కూర్చిరి. అవధానములలోని పద్యములు కొన్ని శతావధానసారము అను పేర వెలువడినవి.

వారు మీసములు పెంచిరి. వైదిక పండితులు మీసము పెంచుట ఆనాటి ఆచారమునకు విరుద్ధము. కొందరు ఆక్షేపింపగా, సంస్కృతాంధ్రములు రెండింటను తమకంటె మిన్నయైన కవి యున్నచో తమను గెలువవచ్చుననియు, గెలిచినచో మీసములు తీసి మ్రొక్కెదమనియు వారు పద్యముననే సవాలు చేసిరి. ఇది గర్వము కాదని చెప్పుట కష్టము. అయితే ఆ గర్వము వెనుక దీక్ష గలదు. సవాలు చేసిన దినమునుండి ప్రతి సభయు పరీక్షయే; అట్టి పరీక్షను వారు ఏండ్లతరబడి తప్పించుకొనలేదు. ఈ పట్టుదలయే వారిని వివాదములలోనికి కూడ దింపెను. కొప్పరపు సోదరకవులతోను, వేంకట రామకృష్ణ కవులతోను సాగిన వాదములలో ఇరుపక్షములవారును పెక్కు కాగితములు, పెక్కు పరుష వాక్యములు వ్యయపరచిరి. వానిలో నేడు చదువదగినవి కొన్నియే.

అవధానము చేసిన కవి నిలుచునా యని అప్పటివారును ప్రశ్నించిరి, ఇప్పటివారును ప్రశ్నింతురు. సభలో పుట్టిన పద్యము సభతోనే పోవుట తరచు జరుగునది. ఈ ప్రశ్నకు తిరుపతి వేంకట కవులు చెప్పిన సమాధానము వారి నాటకములు. భారతకథను వరుస నాటకములుగా వారు రచించిరి. అందు పాండవోద్యోగము, పాండవవిజయము అనునవి తెలుగుదేశమంతట వ్యాపించెను. శ్రీకృష్ణుడు రాయబారమునకు వచ్చు ఘట్టములోని పద్యములను అక్షరము రానివారును కంఠస్థము చేసిరి. హార్మోనియము ముందు రాగము తీయు నటునకు ఆ పద్యములు ఎట్లు అనుకూలించినవో, పొలముగట్టున నడచు కాపరికిని అట్లే అనుకూలించినవి. కారణము సులభమే. ఏండ్లతరబడి సభలలో నూరుగురి ముఖములను చూచుచు పద్యము చెప్పినవారికి, ఏ మాట వినువానికి తటాలున తగులునో తెలియును. సంస్కృతసమాసముల బరువు తగ్గించి, ఇంటిలో తగవులాడుకొను అన్నదమ్ముల మాటతీరును వారు పద్యములో పట్టిరి. తరువాతి కాలమున పీసపాటి నరసింహమూర్తి వంటి నటులు ఆ కృష్ణపాత్ర వలననే ప్రఖ్యాతి గడించిరి. ఇవిగాక దేవీభాగవతము, బుద్ధచరిత్రము, శ్రవణానందము మొదలైన కృతులును, ముద్రారాక్షసము, మృచ్ఛకటికము మొదలైన సంస్కృత నాటకముల అనువాదములును వారివి గలవు.

కవులకు కీర్తి వచ్చినను కూడు రావలెను గదా. వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా చేరిరి. పాఠ్యపుస్తకమును దాటి పురాణములు, ఛందస్సు, లోకానుభవములు, సంస్థానముల ముచ్చట్లు ఆయన బోధనలో కలసిపోవుచుండెను. బందరున ఆయన శిష్యులైనవారిలో విశ్వనాథ సత్యనారాయణగారు గలరు. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము తెలుగునకు మొట్టమొదట తెచ్చినవారు ఆయనయే. పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగారలును ఆయన శిష్యులే. గురువుల దారిలోనే వారును జంటగా కవిత్వము చెప్పిరి. తమ మార్గమునే శిష్యులు అనుసరింపవలెనని గురువుగారు పట్టుపట్టలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిని పెరిగిరి.

1920వ సంవత్సరమున తిరుపతిశాస్త్రిగారు స్వర్గస్థులైరి. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లైనను నిండలేదు. ముప్పదియేండ్లు ఒక్క గొంతుతో పలికిన ఇద్దరిలో ఒకరు పోయినపుడు మిగిలినవారు ఏమి చేయవలెను? జంట విడిపోయినదని చెప్పి, ఇకమీదట తన పేరుననే వ్రాసికొన్నచో ఎవరును తప్పుపట్టియుండరు. వేంకటశాస్త్రిగారు అట్లు చేయలేదు. అటుపిమ్మట తాము ఒంటరిగా రచించిన కావ్యములను సైతము తిరుపతి వేంకట కవుల పేరుననే ప్రకటించిరి. కీర్తి వచ్చినచో సగము మిత్రునికి, నింద వచ్చినచో అంతయు తనకు అన్నట్లుండెను ఆ వ్యవహారము.

వార్ధక్యమున ఆయన వచనము వైపు మొగ్గిరి. కథలు గాథలు అను పేర పత్రికలలో వెలువడిన వ్యాసములలో తాము చూచిన పండితులు, జమీందారులు, ప్రయాణములు, తగవులు, హాస్యములు అన్నియు దొర్లినవి. ఒక విషయము చెప్పుచు మరియొకదానిలోనికి పోవుట, అందుండి ఇంకొకదానిలోనికి పోయి, చదువరి మొదటిదానిని మరచిన పిమ్మట మరల దానికే వచ్చుట ఆ వ్యాసముల తీరు. వ్యాకరణమునకు కట్టుబడి జీవితమంతయు గడపిన పండితుడు ఇందు ఎదుటివానితో ముచ్చటించు భాషనే విరివిగా వాడుట విశేషము. శతావధానముల కాలమునాటి తెలుగు పండితలోకము ఎట్లుండెనో తెలిసికొనగోరువారికి దీనిని మించిన పుస్తకము అరుదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆయనకు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, తెలుగు జిల్లాలు ఇంకను మద్రాసు రాష్ట్రమున చేరియున్న కాలమున, 1949వ సంవత్సరమున ఆ ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా నియమించెను. రాజాస్థానముల గుమ్మములయందు పిలుపు కొరకు వేచి యౌవనము గడపిన కవికి, రాజులు లేని కాలమున ఆస్థానము దానంతట అదియే వెదకికొని వచ్చెను. ఆ గౌరవమును ఆయన ఎక్కువకాలము అనుభవింపలేదు. 1950వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన, మహాశివరాత్రి నాడు, తమ ఎనుబదియవ యేట వేంకటశాస్త్రిగారు పరమపదించిరి.